తేనెటీగ కుట్టి మా ఆయన పడిపోయారు. రిపోర్టులో తేనెటీగ, కందిరీగ రెండూ పాజిటివ్. ఏం చేయాలి?

బెల్లందూరు_శైలజ
మాది బెంగళూరులో బెల్లందూరు వైపు పెద్ద అపార్ట్‌మెంట్. పై అంతస్తుల బాల్కనీల కింద కొండ తేనెటీగలు పట్టు పెడుతుంటాయి. పోయిన నెల మా ఆయన ఆరిన బట్టలు తీస్తుంటే మెడ మీద ఒకటి కుట్టింది. ఒక్కటే. కాసేపటికే అరచేతులు, మాడు దురద అన్నారు. తర్వాత ఒళ్ళంతా దద్దుర్లు, గొంతు బిగుసుకుంటోందన్నారు. సోఫా మీంచి లేచి రెండడుగులు వేశారో లేదో పడిపోయారు. దగ్గర్లోని క్లినిక్‌లో ఏవిల్ అనే అలర్జీ ఇంజెక్షన్, హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి, సెలైన్ పెట్టి, కాసేపట్లో తగ్గుతుందన్నారు. తగ్గలేదు. బీపీ అందడం లేదని వాళ్ళే కంగారుపడి పెద్ద ఆసుపత్రికి పంపారు. అక్కడ తొడకు అడ్రినలిన్ ఇచ్చాక మనిషి కళ్ళు తెరిచారు.

తర్వాత వారం రోజులకు రక్తపరీక్ష చేయించాం. ఐ1 అని తేనెటీగ పాజిటివ్, ఐ3 అని కందిరీగ కూడా పాజిటివ్. ఆయన్ని కందిరీగ ఎప్పుడూ కుట్టలేదు. ఒక డాక్టరు గారు జాగ్రత్తగా ఉండటం తప్ప వేరే దారి లేదన్నారు. అమెరికాలో ఉన్న మా మరిది ఇంజెక్షన్లతో పూర్తిగా నయమవుతుందంటున్నాడు. ఏది నిజం? ఇంట్లో అందరికీ టెన్షనే. బాల్కనీ తలుపు తీయడం మానేశాం.

మారతహళ్ళి_మధు
చాలా భయపడి ఉంటారు మేడమ్. మా దగ్గర కూడా ఇదే గొడవ. అసోసియేషన్ వాళ్ళు పెస్ట్ కంట్రోల్‌ని పిలిస్తే పట్టపగలు పొగబెట్టారు. కింద ఆడుకుంటున్న పిల్లల్ని, సెక్యూరిటీ అన్నని కుట్టాయి. పట్టు దులిపినవాళ్ళు తేనె మాత్రం బకెట్లో పట్టుకెళ్ళారు, మాకు చెంచాడు కూడా దక్కలేదు.

కోలార్_కిట్టు
మా ఊళ్ళో చిన్నప్పటి నుంచి కుట్టించుకుంటూనే ఉన్నాం. సున్నం రాస్తే సాయంత్రానికి పోతుంది. లేదంటే ఉల్లిపాయ రుద్దాలి. దీనికి రక్తపరీక్షలు, ఆసుపత్రులు ఎందుకండీ?

ఎమర్జెన్సీ_లత
కిట్టు గారూ, కుట్టిన చోట వాపు, మంట గురించైతే మీ సున్నం మీ ఇష్టం. కానీ శైలజ గారు చెప్పేది వేరు. కుట్టింది మెడ మీద, దురద వచ్చింది అరచేతుల్లో, పడిపోయింది బీపీ. విషయం ఒళ్ళంతా పాకింది. దాన్ని అనాఫిలాక్సిస్ అంటారు. అక్కడ సున్నం రాస్తూ కూర్చుంటే మనిషి పోతాడు.

నేను బెంగళూరులోనే ఎమర్జెన్సీ వార్డులో నర్సుని. ఇలాంటి కేసుల్లో నన్ను బాధపెట్టేది ఒకటే. ఏవిల్, స్టెరాయిడ్ ముందు ఇచ్చి అడ్రినలిన్‌ని చివరి అస్త్రంలా దాచుకుంటారు. ఏవిల్ దురదని తగ్గిస్తుంది, పడిపోయిన బీపీని లేపదు, గొంతు వాపు తీయదు. స్టెరాయిడ్ పనిచేయడానికి గంటలు పడుతుంది. బ్రిటన్‌లో పంఫ్రీ అనే డాక్టరు అనాఫిలాక్సిస్ మరణాలను వరసగా పరిశీలించి 2000లో రాశారు. పురుగు కుట్టి పోయినవాళ్ళలో గుండె లేదా ఊపిరి ఆగడానికి పట్టిన సమయం మధ్యస్థంగా 15 నిమిషాలు. మన సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఆ 15 నిమిషాలు ఎంతండీ?

ఇంకో మాట. మీవారు సోఫా మీంచి లేచిన వెంటనే పడిపోయారన్నారు కదా. బీపీ పడిపోతున్న మనిషిని లేపి నిలబెట్టకూడదు, నడిపించకూడదు. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తులో పెట్టాలి. ఊపిరాడక కూర్చుంటానంటే కాళ్ళు చాపి కూర్చోనివ్వాలి. వాంతి అవుతుంటే పక్కకి తిప్పాలి. లిఫ్టులో కూడా స్ట్రెచర్ మీదే.

మారతహళ్ళి_మధు
లత గారూ, ఈ నిలబెట్టకూడదన్నది ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. మా అసోసియేషన్ గ్రూపులో పెడుతున్నా.

క్లినికల్_రవి
శైలజ గారూ, మీ మరిది గారు చెప్పింది చాలావరకు నిజం. "పూర్తిగా నయం" అన్న మాటని మాత్రం కొంచెం సవరించాలి. నేను క్లినికల్ ట్రయల్స్ రంగంలో పనిచేస్తాను, ఈ చికిత్స చరిత్ర నాకు చాలా ఇష్టమైన విషయం. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపికపట్టండి.

దీన్ని వెనమ్ ఇమ్యునోథెరపీ అంటారు. శుద్ధి చేసిన విషాన్ని అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, పెంచుకుంటూ 100 మైక్రోగ్రాముల దాకా తీసుకెళ్తారు. తర్వాత అదే మోతాదు 4 నుంచి 6 వారాలకోసారి చర్మం కింద ఇస్తూ, కనీసం 3 నుంచి 5 ఏళ్ళు కొనసాగిస్తారు. తేనెటీగ ఒక్కసారి కుడితే సుమారు 50 నుంచి 140 మైక్రోగ్రాముల విషం ఎక్కుతుంది, అంటే నెలకోసారి డాక్టరు సమక్షంలో ఈగ కుట్టినట్టే.

ఇక్కడికి చేరడానికి యాభై ఏళ్ళు పట్టింది. 1930 ప్రాంతం నుంచి పురుగుని మొత్తంగా నూరి తీసిన సారాన్నే ఇంజెక్షన్లుగా ఇచ్చేవాళ్ళు. తోక చివర సంచిలో ఉండే విషం అందులో ఏ మూలకు సరిపోతుంది? అమెరికాలో మేరీ లవ్‌లెస్ అనే డాక్టరమ్మ 1950లలోనే విషపు సంచులను విడిగా తీసి చికిత్స చేశారు. విన్నవాళ్ళు తక్కువ. 1974లో జాన్స్ హాప్‌కిన్స్ బృందం తేనెటీగలు పెంచే ఇంటి చిన్న పిల్లాడికి అసలు విషంతోనే చికిత్స చేసి కాపాడారు. దాంతో అందరి చూపూ మళ్ళింది.

ఆ తర్వాత అదే బృందం 1978లో అసలైన ట్రయల్ ప్రచురించింది. 59 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి విషం, ఒక గుంపుకి పాత పద్ధతి సారం, ఒక గుంపుకి ఉత్త మందు, అంటే అసలు మందేమీ లేని ఉత్తుత్తి ఇంజెక్షన్. తర్వాత ఆసుపత్రిలోనే, అన్నీ సిద్ధం చేసుకుని, వాళ్ళలో కొందరిని బతికున్న ఈగతో కుట్టించారు. ఉత్త మందు గుంపులో 12 మందిలో 7గురికి ఒళ్ళంతా రియాక్షన్ వచ్చింది. పాత సారం తీసుకున్న 11 మందిలో కూడా 7గురికి వచ్చింది, అంటే ఇన్నేళ్ళూ ఇచ్చిన ఆ మందు నీళ్ళతో సమానం. విషం తీసుకున్న 18 మందిలో ఒక్కరికే వచ్చింది. మరుసటి ఏడే, 1979లో, అమెరికాలో విషం మందులకు అనుమతి దొరికింది.

హెచ్‌ఎస్‌ఆర్_వంశీ
రవి గారూ, 59 మంది ట్రయల్ చూసి ప్రపంచమంతా నమ్మేసిందా? నేను డేటా పనిలో ఉన్నాను, అంత చిన్న సంఖ్య మీద నేనైతే ఏమీ తేల్చను. పైగా మందు కంపెనీలకి ఐదేళ్ళ కస్టమర్ దొరికినట్టే కదా.

క్లినికల్_రవి
అడగాల్సిన ప్రశ్నే వంశీ గారూ. తేడా చిన్నదైతే పెద్ద సంఖ్య కావాలి. ఇక్కడ 58 శాతానికి, సుమారు 6 శాతానికి ఉన్న తేడా. అయినా అక్కడితో ఆపలేదు. 2003లో టాస్మేనియాలో జాక్ జంపర్ అనే చీమ విషం మీద ట్రయల్ చేశారు. ఉత్త మందు తీసుకున్నవాళ్ళలో కుట్టించినప్పుడు 70 శాతం పైగా మందికి ఒళ్ళంతా రియాక్షన్లు వచ్చాయి. తేడా అంత స్పష్టంగా ఉండటంతో ఉత్త మందు వాళ్ళకు కూడా తర్వాత అసలు చికిత్స ఇచ్చారు. 2012లో కాక్రేన్ అనే సంస్థ చేసిన సమీక్ష అప్పటిదాకా వచ్చిన ట్రయల్స్‌ని కలిపి చూసింది. మళ్ళీ కుట్టినప్పుడు ఒళ్ళంతా రియాక్షన్ వచ్చింది చికిత్స తీసుకున్నవాళ్ళలో 2.7 శాతానికి, తీసుకోనివాళ్ళలో 39.8 శాతానికి. అలర్జీ వైద్యంలో ఇంత గట్టి ఫలితం ఇచ్చే చికిత్స ఇంకోటి చూపించండి.

"పూర్తిగా నయం" అన్నదాన్ని ఎందుకు సవరించానంటే, కందిరీగ విషంతో చికిత్స 91 నుంచి 96 శాతం మందిని కాపాడుతుంది. తేనెటీగ విషంతో 77 నుంచి 84 శాతం. తేనెటీగ దగ్గర ఫలితం కాస్త తక్కువ, సైడ్ ఎఫెక్ట్స్ కాస్త ఎక్కువ. మీవారిది తేనెటీగ కాబట్టి ఇది తెలిసుండాలి.

హెచ్‌ఎస్‌ఆర్_వంశీ
కాక్రేన్ అంకెలు చూశాక ఒప్పుకుంటున్నా. కానీ మనుషుల్ని కావాలని కుట్టించడం నాకింకా మింగుడు పడటం లేదు.

చిత్తూరు_తేనెరైతు
వంశీ గారూ, మమ్మల్ని రోజూ కుడతాయి, ఎవరి అనుమతీ అడగవు 😀 మదనపల్లె దగ్గర మాకు పెట్టెలున్నాయి, తేనె బెంగళూరుకే వస్తుంది. ఒక సంగతి చెబుతా. ఎక్కువ సార్లు కుడితే అలర్జీ పెరుగుతుందనుకుంటారు. మాలాంటివాళ్ళలో తరచుగా జరిగేది దానికి తలకిందులు. సీజన్ మొదట్లో వాపు ఎక్కువ, తర్వాత కుట్టినా పట్టదు. భయం ఎప్పుడో ఒకసారి పెట్టెల దగ్గరికి వచ్చేవాళ్ళతోనే. మా అన్న కొడుకు సెలవులకే వస్తాడు, వాడికే ఒళ్ళంతా లేచింది.

అలర్జీ_డాక్టర్_పి
రైతు గారు చెప్పినదానికి ఆధారం ఉంది. ఫ్రాన్స్‌లో 1980లలో తేనెటీగల పెంపకందార్లను చూసిన అధ్యయనంలో ఏడాదికి 25 కంటే తక్కువ కాట్లు తిన్నవాళ్ళలో సగానికి దగ్గరగా ఒళ్ళంతా రియాక్షన్లు వచ్చాయి. 200 కాట్లు దాటినవాళ్ళలో రాలేదు. తరచూ విషం తగిలేవాళ్ళలో ఐజీజీ4 అనే రక్షణ యాంటీబాడీలు పెరుగుతాయి. చికిత్స నడిచేది కూడా ఈ దారిలోనే. అలాగని అలర్జీ ఉన్నవాళ్ళు ఇంట్లో కుట్టించుకుని అలవాటు చేసుకుందాం అనుకోవద్దు, ప్రాణం మీదికి వస్తుంది.

శైలజ గారి రిపోర్టు విషయానికి వస్తాను. రెండూ పాజిటివ్ రావడం చాలా మామూలు. ఎందుకు వస్తుందంటే, ఈ విషాల్లోని ప్రోటీన్లకు కొన్ని చక్కెర గొలుసులు అతుక్కుని ఉంటాయి. అవే గొలుసులు మొక్కల్లోనూ ఉంటాయి. ఆ గొలుసులకు శరీరం ఐజీఈ (అలర్జీ యాంటీబాడీలు) తయారుచేసుకుంటే పరీక్ష పాజిటివ్ చూపిస్తుంది, కానీ ఆ ఐజీఈ వల్ల మనిషికి సాధారణంగా ఏమీ కాదు. రెండో కారణం, హయలురోనిడేస్ లాంటి ఎంజైములు రెండు విషాల్లోనూ ఒకదానికొకటి పోలి ఉంటాయి. మూడోది, నిజంగానే రెండింటికీ అలర్జీ ఉండటం.

ఇది తేల్చడానికి విషాన్ని మొత్తంగా కాక, విడి ప్రోటీన్లతో పరీక్ష చేస్తారు. తేనెటీగకి ఎపి ఎమ్ 1, ఎపి ఎమ్ 3, ఎపి ఎమ్ 10. కందిరీగకి వెస్ వి 1, వెస్ వి 5. చక్కెర గొలుసులు లేకుండా ల్యాబ్‌లో తయారుచేసిన ప్రోటీన్లు కాబట్టి ఆ గందరగోళం తగ్గుతుంది. మీవారికి మొదటి గుంపు మాత్రమే పాజిటివ్ వస్తే కందిరీగ భయం చాలావరకు వదిలేయొచ్చు. అయినా తేలకపోతే బేసోఫిల్ యాక్టివేషన్ టెస్ట్ ఉంది. తాజా రక్తంలోని కణాలకు విషం తగిలించి అవి ఉలిక్కిపడతాయా లేదా చూస్తారు. అది అన్నిచోట్లా చేయరు.

ఒక ప్రశ్న. కుట్టిన చోట కొండి ఇరుక్కుని ఉందా?

బెల్లందూరు_శైలజ
ఉంది డాక్టర్ గారూ. మా అత్తగారే గోటితో గీకి తీశారు. నొక్కితే విషం ఇంకా ఎక్కుతుందని తర్వాత ఎవరో అన్నారు, అదో బాధ.

అలర్జీ_డాక్టర్_పి
అత్తగారు చేసింది సరైన పని. గీకినా, గిల్లి లాగినా ఒకటే, త్వరగా తీయడం ముఖ్యం. విషంలో ఎక్కువ భాగం మొదటి అర నిమిషంలోపే ఎక్కేస్తుంది. కొండి వదిలిందంటే అది తేనెటీగే, కందిరీగలు మామూలుగా కొండి వదలవు. మీ పరీక్షకంటే ఈ ఒక్క సంగతి ఎక్కువ చెబుతోంది.

ఇంకో విషయం. వారం రోజులకే పరీక్ష చేయించారు. కుట్టిన కొత్తలో ఐజీఈ తక్కువగా కనబడవచ్చు, అందుకే 4 నుంచి 6 వారాలు ఆగి చేయిస్తాం, లేదా మళ్ళీ చేస్తాం. మీకు అప్పుడే పాజిటివ్ వచ్చింది కాబట్టి నష్టం లేదు. నెగటివ్ వచ్చినవాళ్ళు మాత్రం "మనకేం లేదు" అని నిశ్చింతగా ఉండిపోకూడదు.

ట్రిప్టేస్ పరీక్ష చేశారా?

బెల్లందూరు_శైలజ
లేదండీ. ఆ పేరే వినలేదు.

అలర్జీ_డాక్టర్_పి
తప్పకుండా చేయించండి. అలర్జీ రియాక్షన్‌ని నడిపే మాస్ట్ కణాలు విడుదల చేసే ఎంజైము అది. రియాక్షన్ వచ్చిన ఒకటి రెండు గంటల్లో తీస్తే అప్పుడు జరిగింది అనాఫిలాక్సిస్ అవునా కాదా అని తేల్చడానికి పనికొస్తుంది. ఆ అవకాశం దాటిపోయింది. కానీ మామూలు రోజుల్లో ఎంత ఉందన్నది ఇంకా ముఖ్యం. లీటరుకు 11.4 మైక్రోగ్రాములు దాటితే మాస్ట్ కణాలు అతిగా పెరిగే మాస్టోసైటోసిస్ అనే జబ్బు దాగి ఉందేమో చూడాలి. దద్దుర్లేమీ లేకుండా నేరుగా కుప్పకూలిన మగవాళ్ళలో ఈ అనుమానం ఇంకా ఎక్కువ. ట్రిప్టేస్ ఎక్కువగా ఉండటానికి 2016లో బయటపడిన ఇంకో కారణం, పుట్టుకతోనే ట్రిప్టేస్ జన్యువు అదనపు నకళ్ళు ఉండటం. మాస్టోసైటోసిస్ ఉన్నవాళ్ళకి ఐదేళ్ళకి చికిత్స ఆపరు, జీవితాంతం కొనసాగించమంటారు. ఆపాక మళ్ళీ కుట్టి చనిపోయిన సంఘటనలు ఉన్నాయి.

వైట్‌ఫీల్డ్_సురేష్
నాకు వేలి మీద కుడితే మోచేతి దాకా వాచింది, నాలుగు రోజులు తగ్గలేదు. ఇన్ఫెక్షన్ అని యాంటీబయోటిక్ రాశారు. నేను కూడా ఈ లిస్టులో ఉన్నానా? నిద్ర పట్టడం లేదు ఇది చదివాక.

ఎమర్జెన్సీ_లత
సురేష్ గారూ నిద్రపోండి. 10 సెంటీమీటర్లు దాటి, ఒక రోజుకి మించి ఉండే వాపుని పెద్ద స్థానిక రియాక్షన్ అంటారు. మొదటి రెండు రోజుల్లో వచ్చే ఆ ఎరుపు చాలాసార్లు ఇన్ఫెక్షన్ కాదు. మళ్ళీ కుడితే మళ్ళీ అలాగే వాస్తుంది. ఒళ్ళంతా రియాక్షన్ వచ్చే అవకాశం 5 నుంచి 10 శాతం లోపే.

నెల్లూరు_అనిత
మా పాపకి ఏడేళ్ళు. స్కూల్లో కుడితే ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయి, ఊపిరి బాగానే ఉంది, బీపీ బాగానే ఉంది. తనకి కూడా ఈ ఇంజెక్షన్లు కావాలా అక్కా?

అలర్జీ_డాక్టర్_పి
అనిత గారూ, చర్మం మీద మాత్రమే వచ్చిన పిల్లలకి సాధారణంగా అవసరం ఉండదు. 2004లో వచ్చిన ఒక పరిశీలన పిల్లల్ని సగటున 18 ఏళ్ళు గమనించింది. చికిత్స తీసుకోని పిల్లలందరిలో పెద్దయ్యాక మళ్ళీ కుట్టినప్పుడు ఒళ్ళంతా రియాక్షన్ వచ్చింది 17 శాతానికి. మొదటిసారే తీవ్రంగా వచ్చిన పిల్లల్లో మాత్రం అది 32 శాతం, చికిత్స తీసుకుంటే 5 శాతం. కాబట్టి మొదటి రియాక్షన్ ఎలా వచ్చిందన్నదే నిర్ణయిస్తుంది. మీ పాపకి ఏమేం వచ్చాయో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, స్కూల్లోనూ ఇవ్వండి.

మారతహళ్ళి_మధు
మా అసోసియేషన్‌లో 400 ఫ్లాట్లు. డిస్కౌంట్ మాట్లాడి అందరికీ ఈ ఐజీఈ పరీక్ష చేయిస్తే మంచిది కదా? ముందే తెలిసిపోతుంది.

క్లినికల్_రవి
వద్దు మధు గారూ, దయచేసి. ఎప్పుడూ ఏ రియాక్షన్ రాని ఆరోగ్యవంతుల్లో కూడా నాలుగో వంతు పైగా పెద్దవాళ్ళకి ఈ పరీక్ష పాజిటివ్ వస్తుంది. వాళ్ళలో చాలా కొద్దిమందికే నిజంగా ఏదైనా అవుతుంది. మీ 400 ఫ్లాట్లలో వందలమందిని కారణం లేకుండా భయపెట్టినట్టవుతుంది. కుట్టినప్పుడు ఏం జరిగిందన్న కథ ముందు, పరీక్ష తర్వాత.

అనంతపురం_చిన్నోడు
ఆ డబ్బులతో సెక్యూరిటీ వాళ్ళకి ట్రైనింగ్ ఇప్పించండి మధన్నా. అంబులెన్స్‌కి 108 కొట్టడం, పడుకోబెట్టడం, గేటు తీసి పెట్టడం.

మారతహళ్ళి_మధు
ఇది బాగుంది. ఆదివారం మీటింగులో పెడతా.

బెల్లందూరు_శైలజ
రవి గారూ, డాక్టర్ గారూ, అసలు ప్రశ్న అడుగుతున్నా. ఈ చికిత్స బెంగళూరులో దొరుకుతుందా?

అలర్జీ_డాక్టర్_పి
బాధగానే చెబుతున్నాను. ట్రయల్స్‌లో వాడిన లాంటి శుద్ధి చేసిన విషం మందు మన దేశంలో మామూలుగా అందుబాటులో లేదు. బయటినుంచి ప్రత్యేకంగా తెప్పించుకోవాలి, దానికి అనుమతులు, చలువపెట్టెలో రవాణా, ఇచ్చేటప్పుడు అత్యవసర ఏర్పాట్లు అన్నీ కావాలి. ఒక హెచ్చరిక. ఎవరైనా పురుగు మొత్తం సారంతో ఇంజెక్షన్లు ఇస్తామంటే, అది శుద్ధి చేసిన విషమా కాదా అని సూటిగా అడగండి. కాదంటే లేచి వచ్చేయండి. 1978లోనే అది ఉత్త మందుతో సమానమని తేలిపోయింది.

క్లినికల్_రవి
నాకు కడుపు మండే విషయం ఇదే. మనకి కావాల్సింది తెప్పించుకోవడం ఒక్కటే కాదు. ప్రపంచంలో దొరికే మందు, పరీక్ష అంతా ఎపిస్ మెలిఫెరా అనే యూరప్ తేనెటీగ విషంతో తయారైనవి. మన బాల్కనీల మీద కూర్చునేది ఎపిస్ డోర్సాటా, కొండ తేనెటీగ. రెండు విషాల ప్రోటీన్లు చాలా దగ్గరివే, కాబట్టి పరీక్ష పనికొస్తుంది. కానీ మెలిఫెరా మందు డోర్సాటా కాటు నుంచి ఎంత కాపాడుతుందన్నది ఇక్కడి మనుషుల మీద, ఇక్కడి ఈగతో చూడాలి. కందిరీగల దగ్గర తేడా ఇంకా ఎక్కువ. ఐ3లో ఉండేది వెస్పులా, అది మన దక్షిణాది పల్లపు ప్రాంతాల్లో ఉండదు. ఇక్కడ కుట్టేవి వెస్పా జాతి పెద్ద కందిరీగలు, పోలిస్టెస్, రోపలిడియా. మన ఐఐఎస్‌సీలో రాఘవేంద్ర గడగ్కర్ గారు దశాబ్దాలపాటు రోపలిడియా మార్జినేటా కందిరీగల సమాజ జీవితాన్ని చదివి ప్రపంచానికి చూపించారు. జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయంలో తేనెటీగల మీద పనిచేసే విభాగం ఉంది. ఎమర్జెన్సీ వార్డులు నిండా రోగులున్నారు. పురుగుని ఎరిగినవాళ్ళు, రోగిని చూసేవాళ్ళు ఒకే ఊళ్ళో ఉన్నారు. ఈ పని ఇక్కడ కాకపోతే ఎక్కడ అవుతుంది?

ట్రయల్ మొదలైతే సీటీఆర్‌ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు చేయాలి, ఎవరైనా చూడొచ్చు. అప్పుడప్పుడు అందులో వెతుకుతూ ఉండండి.

బెల్లందూరు_శైలజ
మరి అప్పటిదాకా? మా మరిది పెన్ను లాంటి ఇంజెక్షన్ పంపిస్తానంటున్నాడు.

ఎమర్జెన్సీ_లత
అదే ఆటో ఇంజెక్టర్. ఇక్కడి మందుల షాపుల్లో మామూలుగా దొరకదు. పంపిస్తే మంచిదే, కానీ గడువు తేదీ చూసుకోండి, ఒకటి కాదు రెండు ఉంచుకోండి. ఒక్కోసారి మొదటి డోసుకి సరిగ్గా స్పందన రాదు, 5 నిమిషాల తర్వాత రెండోది ఇవ్వాల్సి వస్తుంది. అది లేనివాళ్ళకి డాక్టర్లు అడ్రినలిన్ ఆంపూల్ (మందున్న చిన్న గాజు సీసా), సిరంజి కలిపి కిట్‌లా రాసిస్తారు. ఆంపూల్ ఖరీదు పదుల రూపాయల్లోనే ఉంటుంది.

కోలార్_కిట్టు
మామూలు మనుషులు ఇంట్లో అడ్రినలిన్ పొడుచుకోవడమా? గుండె ఆగిపోతే? ఇది మాత్రం నేను ఒప్పుకోను.

ఎమర్జెన్సీ_లత
గుండె ఆగేది ఆ మందు ఆలస్యమైతే కిట్టు గారూ. తొడ బయటి వైపు, కండలోకి, పెద్దవాళ్ళకి అర మిల్లీగ్రాము. ఆ మోతాదుకి కాసేపు గుండె దడ, చేతులు వణకడం, తలనొప్పి ఉంటాయి, తగ్గిపోతాయి. ప్రమాదం వచ్చేది నరంలోకి ఇచ్చినప్పుడు, మోతాదు తప్పినప్పుడు. అందుకే డాక్టరు రాసిచ్చి, చేతిలో పట్టుకుని చూపించాకే ఇంట్లో ఉంచుకోవాలి. పిల్లల మోతాదు బరువుని బట్టి, కిలోకి 0.01 మిల్లీగ్రాము.

కోలార్_కిట్టు
నేర్పించాకే అంటే సరే. మా మామగారు బీపీకి మెటోప్రొలాల్ వేసుకుంటారు, వారానికోసారి తోటకి వెళ్తారు. ఆయనకి ఇంతకు ముందొకసారి కుట్టి కళ్ళు తిరిగాయి. మాత్ర ఆపేయమంటారా?

అలర్జీ_డాక్టర్_పి
సొంతంగా ఆపొద్దు. మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ మాత్రలు వాడుతున్నప్పుడు అడ్రినలిన్ సరిగా పట్టకపోవచ్చన్నది నిజం, అలాంటప్పుడు ఆసుపత్రిలో గ్లూకగాన్ అనే మందు వాడతారు. కానీ గుండెకి అవసరమై ఇచ్చిన మాత్రని ఆపడం ఇంకా ప్రమాదం. ఒకప్పుడు ఈ మాత్రలున్నవాళ్ళకి విషం చికిత్స ఇచ్చేవాళ్ళు కాదు. యూరప్‌లో చాలామంది రోగుల్ని చూశాక ఆ భయం బాగా తగ్గింది. ఆయన్ని గుండె డాక్టరుకీ అలర్జీ డాక్టరుకీ ఇద్దరికీ చూపించండి. కళ్ళు తిరిగిన ఆ సంగతిని తేలిగ్గా తీసుకోకండి కిట్టు గారూ.

కోలార్_కిట్టు
ఈ వారమే తీసుకొస్తా.

హెచ్‌ఎస్‌ఆర్_వంశీ
ఒక డౌట్. అలర్జీ లేనివాళ్ళని గుంపుగా కుడితే? మా ఆఫీసు బిల్డింగు అద్దాలు తుడిచే మనిషిని వందకు పైగా కుట్టాయి. అడ్రినలిన్ ఇచ్చి సాయంత్రానికి పంపించేశారట.

ఎమర్జెన్సీ_లత
అది అలర్జీ కాదు, విషమే నేరుగా పనిచేస్తుంది. కండరాలు కరిగి కిడ్నీలు దెబ్బతింటాయి, అదీ ఒకట్రెండు రోజుల తర్వాత బయటపడొచ్చు. మూత్రం తగ్గినా, కోలా రంగులో వచ్చినా వెంటనే వెళ్ళాలి. ఆయన్ని ఇవాళే క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), సీపీకే (కండరాల పరీక్ష) చేయించుకోమనండి వంశీ గారూ, ఎవరు డబ్బులిస్తారన్నది తర్వాత చూసుకోవచ్చు.

హెచ్‌ఎస్‌ఆర్_వంశీ
ఫోన్ చేశా. తీసుకెళ్తున్నా.

చిత్తూరు_తేనెరైతు
శైలజమ్మా, పట్టుని తగలబెట్టించకండి. తెలిసినవాళ్ళని పిలిచి చీకటి పడ్డాక తీయించండి, ఆ సమయంలో మీవారిని వేరే చోట ఉంచండి. బాల్కనీకి సన్న జాలీ కొట్టించుకోండి. సాయంత్రం ట్యూబులైటు వెలిగితే దానికి వచ్చి ముసురుతాయి, తలుపు వేసి లైటు ఆపేస్తే సగం బాధ తగ్గుతుంది.

బెల్లందూరు_శైలజ
అందరికీ చాలా థాంక్స్. ట్రిప్టేస్‌కి, విడి ప్రోటీన్ల పరీక్షకి రేపే అడుగుతున్నాం. ఆంపూల్ కిట్ రాసిస్తామన్నారు. ఆంపూల్ ఫ్రిజ్‌లో పెట్టాలా? ఆయన బైక్ మీద తిరుగుతారు, డిక్కీలో పెట్టుకోవచ్చా?

ఎమర్జెన్సీ_లత
డిక్కీలో వద్దు, ఎండకి పాడవుతుంది. ఫ్రిజ్ అక్కర్లేదు, వెలుతురు తగలకుండా ఇంటి వేడిలో చాలు. బయటికి వెళ్ళేటప్పుడు ఒంటిమీద ఉండే బ్యాగులో. మందు గోధుమ రంగుకి తిరిగినా, నలకలు కనిపించినా పారేసి కొత్తది కొనండి. ఇంట్లో మీకూ మీ అత్తగారికీ ఇద్దరికీ ఇవ్వడం నేర్పించమని డాక్టరుని అడగండి.

బెల్లందూరు_శైలజ
సరే లత గారూ. అత్తగారే ముందు నేర్చుకుంటానంటున్నారు.